బొత్తాం కోసం ఖాళీ అయిన నది

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున మస్కటీన్ అనే చిన్న ఊరుంది. అక్కడ ఇంటికి పునాది తీస్తున్నా, పెరట్లో మొక్కకి గొయ్యి తవ్వుతున్నా ఒక్కోసారి గునపానికి చిప్పలు తగులుతాయి. మామూలు చిప్పలు కావు. ఒక్కో దానికి మూడో, నాలుగో, ఇంకా పెద్దదైతే ఏడెనిమిదో గుండ్రటి కన్నాలుంటాయి. కన్నాలన్నీ ఒకే కొలత, అంచులు నున్నగా, ఒకదాని పక్కన ఒకటి ఎక్కడా చోటు వృథా కాకుండా. ఏ పురుగూ అలా తొలవదు. ఆ కన్నాల్లో ఉండాల్సిన బిళ్లలు నూరేళ్ల కిందటే చొక్కాల మీదికి వెళ్లిపోయాయి.

1905 నాటికి ఈ ఒక్క ఊరు ఏడాదికి 150 కోట్ల బొత్తాలు తయారుచేసేది. ప్రపంచంలో వాడే బొత్తాల్లో మూడో వంతుకి పైగా ఇక్కడివేనని అప్పటి లెక్క. సముద్రం వందల మైళ్ల దూరాన ఉన్న ఊరికి ముత్యపు చిప్పల వ్యాపారం ఎలా పట్టుబడిందో చూడాలంటే ముందు జర్మనీ వెళ్లాలి.

హాంబర్గ్ పక్కన ఒట్టెన్సెన్ అనే చోట జాన్ ఫ్రెడరిక్ బెప్లె అనే పనివాడుండేవాడు. కొమ్ము, ఎముక, చిప్ప, ఏది ఇచ్చినా లేతు మీద పెట్టి బొత్తాం చెయ్యగలడు. ఆ రోజుల్లో మంచి బొత్తాలకి సముద్రపు చిప్ప వాడేవారు. ఆస్ట్రేలియా వాయవ్య తీరంలో బ్రూమ్ దగ్గరా, మనీలా వైపూ, తాహితీ దీవుల్లోనూ చిప్పలు తీసి ఓడల్లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కీ, ఫ్రాన్సులోని మెరూకీ, వియన్నాకీ పంపేవారు. పారిస్‌కి ఉత్తరాన ఉన్న మెరూలో ఆ పని జ్ఞాపకంగా ఇప్పటికీ ఒక మ్యూజియం నడుస్తోంది. మనం ముత్యపు చిప్ప అనగానే ముత్యం గురించి ఆలోచిస్తాం గానీ, బ్రూమ్ రేవుని పోషించింది ముత్యం కాదు. అది ఎప్పుడో ఒకటి దొరికే లాటరీ. రోజూ కూడు పెట్టింది చిప్పే, అంటే బొత్తామే.

బెప్లె 1887లో అమెరికా చేరాడు. అక్కడి నదుల్లో మందపాటి చిప్పలుంటాయని ముందే విన్నాడు, వాటిని వెతుక్కుంటూ తిరిగాడు. చిప్పలు దొరికినా మొదట్లో ఎవరూ డబ్బు పెట్టలేదు. విదేశీ బొత్తాలు అంత చవగ్గా వస్తుంటే స్థానికంగా చేసి ఎవరికి అమ్మాలి? 1890లో మెకిన్లీ టారిఫ్ చట్టం దిగుమతి బొత్తాల మీద సుంకం బాగా పెంచింది. మరుసటి ఏడే, 1891లో, మస్కటీన్‌లో బెప్లె కాలితో తొక్కే లేతు బిగించాడు. ఆ ఊరి పరిశ్రమ కథలో కథానాయకుడు బెప్లే అనుకుంటారు గానీ, నా లెక్కలో సుంకానికీ సగం వాటా ఇవ్వాలి.

ఇంతకీ బొత్తానికి చిప్పే ఎందుకు? చెక్క ఉంది, ఎముక ఉంది, ఇత్తడి ఉంది. దీనికి జవాబు చిప్ప లోపలి నిర్మాణంలో ఉంది.

నదిలో దొరికే ఆల్చిప్పని విరిచి అంచు చూస్తే మూడు పొరలు కనిపిస్తాయి. పైన గోధుమరంగో, నలుపో ఉన్న పలుచని తొక్క. దాని కింద నిలువుగా పేర్చిన స్ఫటికాల పొర. జంతువు ఒంటికి ఆనుకుని ఉండే లోపలి వైపు మెరిసే పొర. ముత్యమైనా, బొత్తామైనా ఈ మూడో పొర సరుకే. రసాయన శాస్త్రం ప్రకారం ఇందులో 95 శాతం కాల్షియం కార్బొనేట్. పాలరాతిలో ఉన్నదీ, సుద్దలో ఉన్నదీ అదే. మన కోస్తాలో ఒకప్పుడు చిప్పలు కాల్చి గుల్లసున్నం చేశారంటే ఈ కార్బొనేట్ చలవే. మరి సుద్దముక్క వేలితో నొక్కితే విరుగుతుంది, చిప్ప బొత్తాం ముప్ఫై ఏళ్లు దారం లాగుడిని తట్టుకుంటుంది. తేడా మిగిలిన 5 శాతంలో ఉంది.

ఆ 5 శాతం ప్రొటీన్ల లాంటి సేంద్రియ పదార్థం. ఆల్చిప్ప తన కార్బొనేట్‌ని ఆరగోనైట్ అనే స్ఫటిక రూపంలో పలుచని పలకలుగా చేసి, పలకకీ పలకకీ మధ్య ఈ ప్రొటీన్‌ని అతి సన్నగా పూస్తుంది. ఇటుకల గోడ కట్టినట్టే, కింది వరస అతుకు మీదికి పై వరస ఇటుక వచ్చేలా. ఒక్కో పలక మందం సుమారు అర మైక్రాన్, అంటే మన తల వెంట్రుక మందంలో నూరో వంతు కూడా ఉండదు. పగులు మొదలైందనుకోండి, అది నేరుగా దూసుకుపోలేదు. ప్రతి పలక దగ్గరా ప్రొటీన్ పొరలో చిక్కుకుని పక్కకి తిరగాలి, మళ్లీ కిందికి దిగాలి, మళ్లీ తిరగాలి. ఆ తిరుగుళ్లలోనే దాని శక్తి హరించుకుపోతుంది. ఉత్త ఆరగోనైట్ స్ఫటికాన్ని విరగ్గొట్టడానికి పట్టే శక్తితో పోలిస్తే దీనికి మూడు వేల రెట్ల దాకా పడుతుందని ప్రయోగశాలల లెక్క. అందుకే పావలా కాసు కన్నా చిన్న బిళ్లకి నాలుగు బెజ్జాలు వేసినా అది ముక్కలవదు. కవచాలకీ, కృత్రిమ ఎముకలకీ పనికొచ్చే పదార్థాల కోసం వెతికే ఇంజనీర్లు ఈ అమరికని ఇప్పటికీ అనుకరించాలని చూస్తూనే ఉన్నారు.

రంగుల సంగతీ పలకల మందంలోనే ఉంది. మన కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం 0.4 నుంచి 0.7 మైక్రాన్లు. పలక మందం సుమారుగా అంతే. పై పలక మీద కొంత కాంతి వెనక్కి తిరుగుతుంది, దాని కింది పలక మీద కొంత, ఆ కిందిదాని మీద ఇంకొంత. ఇలా తిరిగొచ్చిన కిరణాలు కలిసినప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని రద్దవుతాయి. చిప్పని కొంచెం వంచి చూస్తే కిరణాల దారి మారి, గులాబీ ఉన్నచోట ఆకుపచ్చ వస్తుంది. ఈ మెరిసే రంగులు చిప్ప పదార్థంలో లేవు. దంచి పొడి చేస్తే తెల్లటి పొడే మిగులుతుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. 1814లో స్కాట్లండ్ శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ ముత్యపు చిప్ప ముక్కని మైనం, గుగ్గిలం కలిపిన జిగురుతో తన పరికరానికి అంటించాడు. పని అయ్యాక ఊడదీస్తే, చిప్ప లేకపోయినా ఆ మైనం మీద రంగులు మెరుస్తున్నాయి! పలకల అంచుల వల్ల చిప్ప ఉపరితలం మీద అతి సన్నని గాళ్లుంటాయి. వాటి అచ్చు మైనం మీద పడింది. ఆ గాళ్లే కాంతిని చీల్చి రంగులు చూపిస్తున్నాయి. అంటే రంగుల్లో ఒక వాటా పొరలది, ఇంకో వాటా ఉపరితలపు గీతలది. ఇది పరిశోధన పత్రంతో ఆగలేదు. లండన్ టంకశాలలో పనిచేసే జాన్ బార్టన్ ఉక్కు అచ్చు మీద అంగుళానికి వేల గీతలు గీసి, దానితో లోహపు బొత్తాల మీద ముద్ర కొట్టి, 1822లో పేటెంట్ తీసుకున్నాడు. దీపాల వెలుగులో ఆ బొత్తాలు ఇంద్రధనుస్సు రంగులు చిమ్మేవి. చిప్పని చూసి నేర్చుకుని చిప్ప లేకుండా చేసిన బొత్తాం అది. భౌతికశాస్త్రంలో గ్రేటింగ్ అని మనం చదువుకునేది ఇలా కోటుకెక్కింది.

ఈ నిర్మాణం తెలిస్తే పాత బొత్తాం అసలుదో కాదో పోల్చుకోవడం సులువు. చిప్ప బొత్తాన్ని చెంపకి ఆనిస్తే చల్లగా తగులుతుంది, ఎందుకంటే ప్లాస్టిక్ కన్నా అది వేడిని త్వరగా లాగేసుకుంటుంది. చేతిలో వేసుకుంటే ప్లాస్టిక్‌కి రెట్టింపు బరువుంటుంది. పళ్ల మీద టకటకమంటుంది. వెనక్కి తిప్పితే తరచు గోధుమరంగు మచ్చో, తొక్క ఆనవాలో కనిపిస్తుంది. యంత్రంలో పోతపోసిన ప్లాస్టిక్‌లా అంత శుభ్రంగా ఎప్పుడూ ఉండదు. నిమ్మరసంలో మాత్రం నానబెట్టకండి. కార్బొనేట్ కనక బుస్సుమని పొంగి, మెరుపు పోతుంది.

మళ్లీ మస్కటీన్ కార్ఖానాకి వెళదాం. నదిలోంచి వచ్చిన చిప్పల్ని రకాల వారీగా, సైజుల వారీగా వేరుచేసి పీపాల్లో నీళ్లు పోసి కొన్నాళ్లు నానబెట్టేవారు. ఎండిన చిప్ప పెళుసు. రంపం తగలగానే పెచ్చులూడుతుంది, దుమ్ము లేస్తుంది. నానిన చిప్పని కట్టర్ అందుకుంటాడు. అతని ముందు గిర్రున తిరిగే గొట్టపు రంపం. చివర పళ్లు కోసిన ఉక్కు గొట్టం అది. చిప్పని పట్టుకారుతో దానికి ఆనించి మరో చేత్తో మీట నొక్కుతాడు. నీళ్లు చిమ్ముతూనే ఉంటాయి. ఒక కోత, ఒక బిళ్ల. చిప్ప జరిపి ఇంకో కోత.

చూడ్డానికి ఇంతే. కష్టమంతా చిప్ప జరపడంలో ఉంది. చిప్ప బల్లపరుపుగా ఉండదు. కీలు దగ్గర అంగుళంలో మూడో వంతు మందం ఉంటే అంచుకొచ్చేసరికి కాగితమవుతుంది. మధ్యలో వంపు, ఎక్కడో మచ్చ, ఎక్కడో పురుగు తొలిచిన దారి. ఏ చోట ఏ సైజు రంపం పెట్టాలి, ఏ పక్క నుంచి మొదలుపెడితే తరుగు తక్కువ పోతుంది అన్నది చిప్ప చేతిలోకి తీసుకున్న క్షణంలో తేలిపోవాలి. ఆ సైజుల్ని లైన్లలో చెబుతారు, అంగుళానికి 40 లైన్లు. ఇవాళ మన దర్జీ చొక్కాకి 18 లైను బొత్తాం అడిగితే అది సుమారు 11.4 మిల్లీమీటర్లు. ఆ కొలత కూడా ఆనాటిదే.

బిళ్ల అయ్యాక వెనక తొక్క సానరాయి మీద పోవాలి. తర్వాత ముఖం చెక్కి, బెజ్జాలు వేయాలి. మొదట్లో ఇవన్నీ వేరువేరు పనులు. మస్కటీన్‌లోనే బ్యారీ కుటుంబం తయారుచేసిన డబుల్ ఆటోమేటిక్ అనే యంత్రం 1904 నుంచి చెక్కడం, బెజ్జం వేయడం ఒకే వరసలో చేసిపెట్టింది. 150 కోట్ల లెక్క ఆ యంత్రం పుణ్యమే. ఆఖరికి ప్యూమిస్ పొడీ నీళ్లూ పోసిన తిరుగుడు పీపాల్లో దొర్లించి నునుపు చేసి, పలుచని ఆమ్లంలో ముంచి మెరుపు తెచ్చేవారు. ఆ ఆమ్లం కొంచెం ఎక్కువైతే మెరుపు కాస్తా తెల్లబారిపోతుంది. ఆడవాళ్లు కిటికీ వెలుగులో కూర్చుని నాణ్యత ఏరేవారు. అట్టల మీద బొత్తాలు కుట్టే పని ఇళ్లకి వెళ్లేది. తల్లులతో పాటు పిల్లలూ కుట్టేవారు.

కట్టర్‌కి కూలి గ్రోసు చొప్పున. గ్రోసంటే 144 అని మనకి తెలుసు. అక్కడ మాత్రం 168 బిళ్లలిస్తే గాని గ్రోసు అయ్యేది కాదు. కొన్ని పాడవుతాయి కదా అని యజమానుల వాదన. పాడైనవాటికి డబ్బులివ్వకపోగా, పాడవబోయే వాటిని కూడా ముందే కోసుకున్నారన్నమాట. తడిలో నిలబడి పని, ఊపిరితిత్తుల్లోకి చిప్ప దుమ్ము, వేళ్లకి మానని కోతలు. 1911లో ఊరి కార్ఖానాల్లో పెద్ద సమ్మె జరిగింది, యజమానులు తలుపులు మూశారు, సైనిక దళాలు దిగాయి. కార్మికులు గెలవలేదు.

ఇదంతా ఒడ్డు మీది కథ. నది లోపల వేరే కథ నడుస్తోంది.

ఆల్చిప్పని పట్టే పద్ధతి ఎంత సులభమో అంత ఘోరమైనది. ఆల్చిప్ప నది అడుగున సగం పాతుకుని, మూత కొంచెం తెరిచి, నీటిని లోపలికి తీసుకుంటూ అందులోని సూక్ష్మజీవుల్ని తింటుంది. ఏదైనా లోపల తగిలితే టక్కున మూసుకుంటుంది. శత్రువు నుంచి దానికున్న ప్రధాన రక్షణ అదే. మనుషులు ఒక ఇనప కమ్మీకి వరసగా తాళ్లు కట్టి, ఒక్కో తాడుకి మొండి కొక్కేలు తగిలించి, పడవ వెనక నది అడుగున ఈడ్చేవారు. కొక్కెం తగలగానే చిప్ప మూసుకుని దాన్ని పట్టేసుకుంటుంది. పైకి లాగితే గుత్తులు గుత్తులుగా వచ్చేవి. ఒడ్డున ఆవిరి పట్టి మాంసం తీసేసి, అదృష్టముంటే ముత్యం ఏరుకుని, చిప్పలు బస్తాలకెత్తేవారు. న్యూ బోస్టన్ అనే ఊరి దగ్గర రెండు మైళ్ల పొడవున్న ఒకే ఒక్క చిప్పల పడకలోంచి 1890లలో మూడేళ్లలో సుమారు 10 వేల టన్నులు తీశారు.

కొన్ని రకాల ఆల్చిప్పలు పదుల ఏళ్లు బతుకుతాయి, మెల్లగా పెరుగుతాయి. బొత్తానికి పనికొచ్చే మందం రావడానికే ఏళ్లు పడుతుంది. పదేళ్లు గడిచేసరికి పడవలు ఖాళీగా రావడం మొదలైంది. అప్పుడు గాని ఎవరికీ అసలు ప్రశ్న తట్టలేదు: ఇవి పిల్లల్ని ఎలా పెడతాయి?

కట్టర్‌ని అడిగితే ఏ చిప్ప ఎంత మందమో, ఏది పెళుసో, ఏది పసుపుపచ్చగా తేలుతుందో చెప్పగలడు. ఆ చిప్పని అల్లిన జంతువు సంగతి అతనికే కాదు, యజమానికీ తెలియదు. శాస్త్రవేత్తల దగ్గరున్నది కూడా ముక్కలు ముక్కలుగా ఉన్న సమాచారమే. 1797లో రాత్కే అనే నార్వే శాస్త్రవేత్త ఆల్చిప్ప మొప్పల్లో వేలకొద్దీ సూక్ష్మప్రాణుల్ని చూసి, ఇవేవో దాన్ని పీడించే పరాన్నజీవులని తేల్చి, పేరు కూడా పెట్టేశాడు. నిజానికి అవి ఆ ఆల్చిప్ప పిల్లలే. పరాన్నజీవులన్న మాట పూర్తిగా తప్పేమీ కాదు, పీడించేది తల్లిని కాదు, చేపని!

1908లో అమెరికా ప్రభుత్వం మస్కటీన్‌కి ఎగువన ఫెయిర్‌పోర్ట్‌లో ఆల్చిప్పల కోసం ప్రత్యేకంగా ఒక జీవశాస్త్ర కేంద్రానికి అనుమతిచ్చింది. అదే కాలంలో మిస్సోరీ విశ్వవిద్యాలయానికి చెందిన లెఫీవర్, కర్టిస్ ఆల్చిప్పల సంతానోత్పత్తి మీద చేసిన పెద్ద అధ్యయనం 1912లో అచ్చయింది. వీళ్లు బయటపెట్టిన జీవితచక్రం ఏ కల్పనకీ తీసిపోదు.

ఆడ ఆల్చిప్ప తన మొప్పల్నే గర్భసంచుల్లా వాడుకుని లక్షల పిల్లల్ని పొదుగుతుంది. ఒక్కో పిల్ల ఇసుక రేణువు కన్నా చిన్నది, రెండు బుల్లి మూతలున్నది. దాన్ని నీళ్లలోకి వదిలితే దొరికిన చేప మొప్పకి కరుచుకోవాలి. చేప చర్మం దాని చుట్టూ ఒక పొక్కులా పెరుగుతుంది. అందులో కొన్ని వారాలుండి, రూపం మార్చుకుని, నది అడుగుకి రాలి, అక్కడ బుల్లి ఆల్చిప్పగా బతుకు మొదలుపెడుతుంది. చేప దొరకని పిల్ల కొద్ది రోజుల్లో చచ్చిపోతుంది. కొన్ని జాతులు అదృష్టం మీద ఆధారపడవు. లాంప్సిలిస్ జాతుల తల్లి తన మాంటిల్ (చిప్ప లోపలి మెత్తటి కండ పొర) అంచుని చిన్న చేప ఆకారంలో పెంచుకుంటుంది, దానికి కంటి మచ్చ ఉంటుంది, తోక ఉంటుంది, ఈదుతున్నట్టు కదుపుతుంది కూడా. ఆశపడి బాస్ చేప నోరు పెట్టగానే దాని ముఖాన పిల్లల్ని చిమ్ముతుంది. తల్లికి కళ్లు లేవు. తాను దేన్ని అనుకరిస్తోందో ఎన్నడూ చూడలేదు.

అసలు చిక్కేమిటంటే ఏ చేపైనా సరిపోదు. చాలా జాతులకి ఒకటో, కొద్దో చేపలే ఆశ్రయం. బొత్తాల వాళ్లు అన్నిటికన్నా మెచ్చిన ఎబోనీ చిప్పకి ప్రధానంగా కావలసింది స్కిప్‌జాక్ హెర్రింగ్ అనే వలస చేప. అది ఏటా దిగువ నుంచి నదిలో పైకి ఈదుతుంది. 1913లో కియోకక్ అనే ఊరి దగ్గర నదికి అడ్డంగా ఆనకట్ట కట్టారు. చేప ఆగిపోయింది. ఎగువన ఎబోనీ చిప్పలు అప్పటికున్నవి ఉన్నట్టే ఉండి, ముసలివై, పిల్లలు లేకుండా పోయాయి. కొక్కెం చేయలేని పని కాంక్రీటు చేసింది.

ఫెయిర్‌పోర్ట్ వాళ్లు వరద గుంటల్లో చిక్కుకున్న చేపల్ని కాపాడి, వాటి మొప్పలకి ఆల్చిప్ప పిల్లల్ని ఎక్కించి, నదిలోకి వదిలేవారు. కోట్ల సంఖ్యలో ఎక్కించారు. అయినా ఫలితం అంతంతమాత్రమే. ఎందుకంటే పొలాల నుంచి కొట్టుకొచ్చే ఒండ్రు, పట్నాల మురుగు, వరస ఆనకట్టలు పడకల్ని కప్పేస్తూనే ఉన్నాయి. ఆ కేంద్రం తరఫున చిప్పల సర్వేకి తిరుగుతున్న బెప్లె నదిలో పాదం చిప్పకి కోసుకున్నాడు. పుండు విషమించి 1912లో పోయాడు.

పరిశ్రమని చివరికి చంపింది చిప్పల కరువు కాదు, ప్లాస్టిక్. బట్టలు మరిగే సబ్బునీళ్లలో, పిండే యంత్రాల్లో నలిగే కాలం వచ్చాక చిప్ప బొత్తాలు పెచ్చులూడాయి, మెరుపు పోయింది. పాలియెస్టర్ బొత్తాం చౌక, దెబ్బ తినదు. 1960లకల్లా మస్కటీన్ కార్ఖానాలు చాలావరకు ప్లాస్టిక్‌కి మారడమో మూతపడడమో జరిగింది.

చిప్పకి మాత్రం ఇంకో గిరాకీ దొరికింది. జపాన్‌లో ముత్యాల సాగు చేసేవారికి ముత్యపు గుల్లలో బీజంగా పెట్టడానికి గుండ్రటి పూస కావాలి. దానికి మిసిసిపీ పరీవాహకంలోని మందపాటి చిప్ప సరిగ్గా సరిపోయింది. హైదరాబాద్ పత్తర్‌గట్టీలో సముద్రపు కల్చర్డ్ ముత్యాల దండ ఎవరైనా కొన్నారంటే, ఆ ముత్యాల పైపొర కిందనున్నది అమెరికా నది ఆల్చిప్ప ముక్క అయ్యే అవకాశం గట్టిగానే ఉంది. చైనా మంచినీటి ముత్యాల్లో చాలా వాటికి ఆ పూస ఉండదు.

మన దేశంలోనూ ఇలాంటి ఊరొకటుంది. బీహార్‌లోని తూర్పు చంపారన్ జిల్లాలో మెహసీ. స్కూళ్ల సబ్ ఇన్‌స్పెక్టర్ భులావన్ లాల్ 1905 ప్రాంతంలో బూఢీ గండక్ నది చిప్పలతో అక్కడ బొత్తాల పని మొదలుపెట్టాడు. ఊళ్లకి ఊళ్లు ఆ పని మీద బతికాయి. ప్లాస్టిక్ దెబ్బ వాళ్లకీ తగిలింది. ఇప్పుడు మిగిలిన కొద్దిమంది బొత్తాలతో పాటు నగలు, అలంకరణ వస్తువులు చేస్తున్నారు. మన చెరువుల్లో, కాలవల్లో దొరికే లామెల్లిడెన్స్ ఆల్చిప్పది కూడా ఇదే జీవితచక్రం. చేప లేనిదే దానికి తరం లేదు.

ఇక ఫెయిర్‌పోర్ట్ వాళ్ల శ్రమ ఏమైందంటే, అరవై డెబ్భై ఏళ్లు ఫైళ్లలో పడుంది. బొత్తాల కోసం ఏరిన రకాల్లో హిగ్గిన్స్ ఐ అనే జాతి 1976లో అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాకెక్కింది. తర్వాత ఓడలతో పాటు యూరప్ నుంచి వచ్చిపడ్డ జీబ్రా ఆల్చిప్ప దాన్ని ఊపిరాడనివ్వలేదు. 2000 నుంచి విస్కాన్సిన్‌లోని జెనోవా చేపల కేంద్రంలో దాని పిల్లల్ని చేపల మొప్పలకి ఎక్కించి, ఆ చేపల్ని బోనుల్లో పెట్టి నదిలో దించుతున్నారు. రాలిన పిల్లలు బోను అడుగున పెరుగుతాయి. వాటిని ఏరి, మంచి నీళ్లున్న చోట నాటుతున్నారు. పద్ధతి 1912 నాటిదే. తేడా ఒక్కటే, ఈసారి వాటిని బొత్తాల కోసం పెంచడం లేదు.